సీమ పిస్టలుకు ఆ ధర ఎందుకు?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరినప్పుడు కోట గురించో, వేదవతి ఒడ్డు ఇసుక మేటల గురించో రాద్దామనుకున్నాను. అయితే ఈ మధ్య పెన్షనర్ మిత్రులు ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు. ఒకరి కుమారుడు వ్యాపారంలో స్థిరపడి ఆత్మరక్షణకు లైసెన్సు సంపాదించాడు. ఇప్పుడు ఎవరి దగ్గరో ఉన్న పాత జర్మనీ పిస్టలు కొనాలని ఉబలాటపడుతున్నాడు. ధర లక్షల్లో ఉంది. కానుపూరు రివాల్వరు అందులో కొద్ది వంతుకే వస్తుంది. "నువ్వు సర్వీసంతా మెజిస్టీరియల్ సెక్షనులో ఆయుధాల ఫైళ్ళు చూసినవాడివి కదా, అంత డబ్బు పెట్టడం న్యాయమేనా చెప్పు" అని ఆ మిత్రుడు అడిగాడు.

ఒక్క మాటలో చెప్పదగ్గ జవాబు కాదు. ఆ ధర ఇనుముకు కట్టినదా, పనితనానికి కట్టినదా, మరి దేనికైనా కట్టినదా అన్నది తేలాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళక తప్పదు. ఆ చరిత్రలో మన రాయదుర్గానికీ కొంత భాగం ఉంది.

కోట నుంచి కచేరీకి

మన కొండ మీది కోట విజయనగర కాలం నాటిది. ఆ తరువాత పాలెగాండ్ల చేతిలోకి, వారి నుంచి టిప్పు సుల్తాను ఏలుబడిలోకి వెళ్ళింది. 1799లో శ్రీరంగపట్టణంలో టిప్పు మరణించాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చింది.

సీమ సరుకు మీద మోజు కంపెనీతో మొదలైందనుకుంటే పొరపాటు. టిప్పు సుల్తాను శ్రీరంగపట్టణంలో సొంత కార్ఖానాలు పెట్టి, ఐరోపా నమూనాలు చూసి చెకుముకి తుపాకులూ పిస్తోళ్ళూ చేయించాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ లండను మ్యూజియముల్లో ఉన్నాయి. అంటే విదేశీ పనితనాన్ని మెచ్చుకోవడం, దాన్ని మన చేతులతో చేసి చూపడం, రెండూ రెండు వందల ఏళ్ళకు పైబడిన సంగతులే.

1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఇక్కడ సుమారు 80 మంది పాలెగాండ్లు ఎదురయ్యారు. ఒక్కొక్కరి వెనుక ఆయుధాలు పట్టిన బంట్లు ఉండేవారు. మన్రో ఒక్కొక్కరి బలగాన్నీ విడగొట్టించి, పాలెములు స్వాధీనం చేసుకుని, చాలామందికి భరణాలు ఏర్పాటు చేశాడు. మన మాటల్లో చెప్పాలంటే ఆయుధం తీసుకుని పెన్షను చేతిలో పెట్టాడు. ఆ పెన్షను ఎంత చిన్నదో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉదంతం చెబుతుంది. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయన తిరుగుబాటు 1846లో మొదలై, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం దగ్గర ముగిసింది. ఆనాటి నుంచి మన ప్రాంతంలో ఆయుధం ఎవరి దగ్గర ఉండాలన్నది సర్కారు నిర్ణయించే సంగతి అయింది.

1878 చట్టం

1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో బళ్ళారి జిల్లా ఎంత నలిగిపోయిందో పెద్దలు చెప్పగా విన్నవాళ్ళం. అప్పటికి అనంతపురం వేరు జిల్లా కాలేదు. 1882లో గాని బళ్ళారి నుంచి విడిపోలేదు. ఆ కరువు తగ్గీ తగ్గకముందే, 1878లో, వైస్రాయి లిట్టన్ హయాములో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు ఆయుధం ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియనుకు అక్కరలేదు. ఈ వివక్షను సవరించమని 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ తీర్మానం చేసింది.

ఈ చట్టంతో తుపాకికి రెండో విలువ ఏర్పడింది. మొదటిది దాని పని. రెండోది, "దొరవారు నమ్మి లైసెన్సు ఇచ్చిన మనిషి" అన్న పేరు. జమీందారు, రావుబహద్దరు, పెద్ద కాంట్రాక్టరు నడుముకు పిస్టలు వేలాడిందంటే కచేరీలో ఆయనకు కుర్చీ వేస్తారని అర్థం. ఈ రెండో విలువ స్వరాజ్యం వచ్చాక కూడా పోలేదు. నేటి ధరల్లో సగం కథ దానిదే.

బెల్జియం, బర్మింగుహాం, జర్మనీ

ఇక్కడ పిస్టలుకూ రివాల్వరుకూ తేడా చెప్పుకోవాలి. మన వాళ్ళు రెండింటినీ పిస్టలు అనే అంటారు.

రివాల్వరులో తిరిగే బిళ్ళ ఉంటుంది. అందులో సాధారణంగా ఆరు గదులు, గదికొక తూటా. ట్రిగ్గర్ లాగిన కొద్దీ బిళ్ళ తిరుగుతూ ఉంటుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టలులో తూటాలు పిడిలోపలి పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. దాన్నే మేగజైన్ అంటారు. ఒక తూటా పేలగానే పైభాగం వెనక్కు జరిగి ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరి, ముందుకు వచ్చేటప్పుడు ఇంకో తూటాను ఎక్కించుకుంటుంది. ట్రిగ్గర్ ఒకసారి లాగితే ఒకటే పేలుతుంది. అందుకే సెమీ, అంటే సగం, ఆటోమేటిక్.

దీన్ని జేబులో పట్టేంత చిన్నదిగా, నమ్మకంగా పనిచేసేదిగా చేసిన ఘనత అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగుది. ఆయన నమూనాతో బెల్జియములోని ఎఫ్.ఎన్. కార్ఖానా 1900 ప్రాంతంలో .32 బోరు పిస్టలు తయారుచేసింది. తరువాత అమెరికాలో కోల్టు కంపెనీ 1903 నమూనా, ఇంగ్లండు బర్మింగుహాములో వెబ్లీ అండ్ స్కాట్ వారి .32 పిస్టలు, 1929లో జర్మనీ వాల్తరు వారి పి.పి. నమూనా వచ్చాయి. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్నది కోల్టు పిస్టలే. అది ఇప్పటికీ అలహాబాదు మ్యూజియములో ఉంది.

మన దేశంలో సొంత మనుషుల చేతుల్లో ఈనాటికీ తిరుగుతున్న "సీమ పిస్టళ్ళు" చాలావరకు ఈ కుటుంబాలవే. బెల్జియం, జర్మనీ, చెకొస్లొవేకియా, ఇంగ్లండు. ఇవన్నీ మంచి ఉక్కుతో, నిపుణుడైన పనివాడు ఆకురాయి పట్టి ఒక్కొక్క భాగం అతికించిన రోజుల్లో తయారైనవి. ఆ పనితనాన్ని ఎవరూ కాదనలేరు.

బళ్ళారి దస్త్రాలు అనంతపురానికి

మన రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురం జిల్లాకు వచ్చాయి. అప్పటి నుంచి మన ఆయుధాల లైసెన్సులు ఇచ్చేది అనంతపురం కలెక్టరు, అంటే జిల్లా మెజిస్ట్రేటు హోదాలో.

1878 చట్టం పోయి 1959 ఆయుధాల చట్టం వచ్చింది. అది నిబంధనలతో సహా 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. సైన్యం, పోలీసు వాడే 9 ఎం.ఎం. వంటి బోర్లను నిషిద్ధ బోర్లు అన్నారు. అవి సామాన్యులకు దొరకవు. సామాన్య లైసెన్సుదారుకు మిగిలింది ప్రధానంగా .32 బోరు రివాల్వరు, .32 బోరు పిస్టలు, ఇంకా పొడుగు తుపాకుల్లో 12 బోరు.

ఇక్కడ కుటుంబసభ్యులు గమనించవలసిన చిన్న సంగతి. రివాల్వరు .32 తూటా, పిస్టలు .32 తూటా ఒకటి కావు. పేరు ఒకటే, కొలతలు వేరు. ఒకదానిది రెండోదానిలో వేయరాదు.

మా సెక్షనుకు వచ్చే అర్జీల్లో మూడు రకాలుండేవి. పంట రక్షణకు అడిగే రైతులు. బ్యాంకు కాపలా ఉద్యోగం కోసం 12 బోరు అడిగే మాజీ సైనికులు. ఆత్మరక్షణ అంటూ పిస్టలు అడిగే వ్యాపారులు, రాజకీయ నాయకులు. మాజీ సైనికుల అర్జీ ఎప్పుడూ అర పేజీ మించేది కాదు. "జీవనోపాధి నిమిత్తం" అని ఒక మాట రాసి సంతకం పెట్టేవారు. పిస్టలు అర్జీలు మాత్రం నాలుగైదు పేజీలుండేవి. ఒక వేరుశనగ నూనె మిల్లు యజమానిని, "కానుపూరు రివాల్వరు ఇంకో నెలలో వస్తుంది కదా, పాత బెల్జియం పిస్టలు కోసం ఇంత తిరుగుడు ఎందుకు" అని అడిగాను. "సార్, రివాల్వరు ఉంటే భయపడినాడు అనుకుంటారు. బెల్జియం పిస్టలు ఉంటే ఎదిగినాడు అనుకుంటారు" అన్నాడాయన. ఇంత నిజాయితీగా చెప్పినవాళ్ళు నాకు సర్వీసులో మరొకరు తగలలేదు.

దిగుమతి ఆగింది, ధర ఎగిరింది

ధర సంగతికి అసలు మలుపు 1980ల మధ్యకాలంలో వచ్చింది. విదేశీ ఆయుధాల దిగుమతి సామాన్యులకు ఆగిపోయింది. పేరున్న క్రీడాకారులైన షూటర్లకు మాత్రం మినహాయింపు ఉంది. కొత్త సరుకు రావడం నిలిచేసరికి అప్పటికే దేశంలో ఉన్న వెబ్లీలు, బ్రౌనింగులు, వాల్తరులే చేతులు మారడం మొదలైంది. సరుకు పెరగదు, కొనేవాళ్ళు పెరుగుతారు. ఫలితం మనకు తెలిసిందే. తండ్రి కొన్న వందల రూపాయల పిస్టలు కొడుకు నాటికి లక్షల్లో పలికింది.

మిత్రులు ఈ విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఆ బాపతు పాత .32 పిస్టలే అమెరికాలోని దుకాణంలో కొన్ని వందల డాలర్లకు దొరుకుతుంది. అక్కడా అదే ఉక్కు, అదే పనితనం. మన దగ్గర అంత ఎక్కువ పలుకుతున్నదంటే ఆ తేడా పిస్టలులో లేదు, ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది. మనం చెల్లించేది పనితనం ధర కాదు, కొరత ధర.

ఈ సందర్భంలోనే ఇంకో హెచ్చరిక. పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. "అక్కడ చవక కదా, వచ్చేటప్పుడు తెమ్మందాం" అన్న ఆలోచన కూడదు. లైసెన్సు, దిగుమతి అనుమతి లేకుండా ఆయుధం తేవడం నేరం. అక్కడ సాధనకు వెళ్ళి మరచిపోయిన ఒక్క తూటా సంచీ మూలలో ఉన్నా విమానాశ్రయంలో కేసు అవుతుంది.

మన కార్ఖానాలు

బెంగాలులోని ఇషాపూరు రైఫిల్ కార్ఖానా సైన్యానికి 9 ఎం.ఎం. పిస్టలు చేసింది. అది బ్రౌనింగు చివరి నమూనా అయిన హై పవర్‌కు మన దేశపు రూపం. సామాన్యుల కోసం అదే కార్ఖానా .32 బోరు పిస్టలు తెచ్చింది. దాని పేరు అశని, అంటే పిడుగు. కానుపూరు స్మాల్ ఆర్మ్స్ కార్ఖానా .32 రివాల్వరు చేసింది. అది ఇంగ్లండు వెబ్లీ పోలికతో, ఆరు గదులతో ఉంటుంది.

2014 జనవరిలో కానుపూరు నుంచి నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వరు వచ్చింది. బరువు అర కిలో. ఢిల్లీ దుర్ఘటన తరువాత ఆడపిల్లల రక్షణకని ప్రచారం చేశారు. ధర 1,22,360 రూపాయలు. అంత డబ్బు పెట్టగల ఇంటి ఆడపిల్ల బస్సులో రాత్రి పూట ఒంటరిగా ఎందుకు వెళుతుందని అప్పట్లో పత్రికల్లో విమర్శలు వచ్చాయి. విమర్శలో న్యాయముంది. ధర పెరిగే కొద్దీ ఆయుధం అవసరమున్నవారికి దూరమై, అవసరం లేనివారికి దగ్గరవుతుంది.

2020 తరువాత బర్మింగుహాం వెబ్లీ పేరుతోనే ఉత్తర ప్రదేశ్ హర్దోయిలో రివాల్వర్ల తయారీ మొదలైంది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో ఒకటైన కానుపూరు కంపెనీ 2023లో ప్రబల్ అనే రివాల్వరు విడుదల చేసింది. మన తెలుగువారి పక్క నుంచి చూస్తే, పూణేలోని రక్షణ పరిశోధన సంస్థ, సైన్యం కలిసి రూపొందించిన అస్మి అనే 9 ఎం.ఎం. మెషిన్ పిస్టలును హైదరాబాదు లోకేశ్ మెషీన్స్ తయారుచేసింది. 2024లో 550 అస్మీలు సైన్యానికి అందాయి. ఇది పూర్తి ఆటోమేటిక్, సామాన్యులకు సంబంధించినది కాదు. అయినా 2021లో దాన్ని ప్రకటించినప్పుడు ఒక్కొక్కదాని తయారీ ఖర్చు 50,000 రూపాయల లోపే అన్నారు. సామాన్యుడి చేతిలోని పాత .32 పిస్టలు లక్షలు పలుకుతుంటే, సైనికుడి ఆయుధం వేలల్లో తయారవుతున్నది. ధరకూ పనికీ సంబంధం తెగిపోయిందనడానికి ఇంతకన్న ఏం కావాలి?

2025 సెప్టెంబరు 22 నుంచి పిస్టళ్ళు, రివాల్వర్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 40 శాతానికి పెరిగింది. విలాస నౌకలు, సొంత విమానాల వరుసలోకి వాటినీ చేర్చారు. ప్రభుత్వం కూడా దీన్ని విలాస వస్తువుగానే చూస్తున్నదన్నమాట.

ఎక్కువ ధరకు ఏమి వస్తుంది?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఖరీదైన పిస్టలులో ఏమీ లేదని ఎవరూ అనుకోవద్దు. ఉంది. ట్రిగ్గర్ నునుపుగా, ఒకే బరువుతో కదులుతుంది. తూటా ఎక్కేటప్పుడు అడ్డం పడదు. కొన్ని నమూనాల్లో కింద పడినా దానంతట అది పేలకుండా లోపల అడ్డు ఉంటుంది. వేల తూటాలు కాల్చినా గొట్టం, పైభాగం వదులు కావు. నునుపు విషయంలో సీమ సరుకుదే పైచేయి అని ఒప్పుకోవాలి.

అయితే ఈ గుణాలు ఎవరికి అక్కరకు వస్తాయి? రోజూ కాల్చేవారికి. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్‌నే తీసుకుందాం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టలు పోటీలో జట్టుకు స్వర్ణం, వ్యక్తిగతంగా రజతం సాధించింది. ఆ పోటీలో వాడేది .22 బోరు పిస్టలు. ట్రిగ్గర్ బరువు ఒక కిలోకు తక్కువ ఉండరాదని నియమం. ఒక వెంట్రుకవాసి తేడాలో పతకం మారిపోయే చోట పిడి చేతికి సరిపోవాలి, ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా కదలాలి. అక్కడ పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితముంది. అలాగే ప్రమాదకరమైన డ్యూటీలో ఉండే పోలీసుకు మంచి ఆయుధం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. అక్కడ ధర చూడరాదు.

బీరువాలో పెట్టి దసరాకు ఆయుధపూజ నాడు మాత్రం తీసే ఆసామికి ఆ గుణాలతో పని లేదు. ఆత్మరక్షణ అవసరమే వస్తే ఏడెనిమిది అడుగుల దూరంలో, రెండు మూడు క్షణాల్లో వస్తుంది. ఆ దూరంలో, ఆ వణుకులో, సాధన లేని చేతికి బెల్జియానికీ ఇషాపూరుకూ తేడా తెలియదు. సాధన ఉన్న చేయి దేనితోనైనా పని జరుపుకుంటుంది.

విడిభాగాల సంగతి ఇంకా ముఖ్యం. సెమీ ఆటోమేటిక్ పిస్టలు ప్రాణం మేగజైన్ స్ప్రింగులో ఉంటుంది. అరవై ఏళ్ళ నాటి జర్మనీ పిస్టలుకు స్ప్రింగు విరిగితే, మేగజైన్ పెదవులు వంగితే, కొత్తది ఎక్కడ తెస్తారు? దిగుమతి లేదు కదా. ఊళ్ళో ఎవరో సాన పట్టేవాడి చేత అతికిస్తే సరిగ్గా అవసరమైన నాడు మొరాయిస్తుంది. పైగా మన వైపు గాలి దుమ్ము ఎటువంటిదో చెప్పనక్కరలేదు. బొమ్మనహాళ్, కణేకల్లు పక్క ఇసుక మేటల నుంచి వేసవి గాలికి లేచే సన్నని ఇసుక బిగించిన బీరువాలోకి కూడా దూరుతుంది. నూనె రాసి పెట్టిన పిస్టలుకు ఆ ఇసుక అంటుకుంటే గంధం పూసినట్టే. మనం సర్వీసులో స్విస్ గడియారం మానుకుని హెచ్.ఎం.టి. ఎందుకు కట్టుకున్నాం? ఆగిపోతే బజారులో బాగుచేసేవాడు ఉన్నాడు కనుక. ఈ లెక్కా అంతే.

మన జిల్లా చెప్పే పాఠం

మన జిల్లాలో కక్షల చరిత్రను దాచిపెట్టి ఈ విషయం మాట్లాడడం సరికాదు. ఆ కక్షల్లో ఎక్కువగా ప్రాణాలు తీసినవి లైసెన్సు పిస్టళ్ళు కావు, నాటుబాంబులు, వేటకొడవళ్ళు. 2005 జనవరి 24న మాజీ మంత్రి, శాసనసభ్యుడు పరిటాల రవీంద్రను అనంతపురం నడిబొడ్డున, పార్టీ కార్యాలయం దగ్గర కాల్చి చంపారు. సాయుధ రక్షణ ఉన్న మనిషి. తుపాకులున్న చోట కూడా తుపాకి కాపాడలేకపోయింది.

ఇంకొకటి. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషనులో జమచేయమని నోటీసులు వస్తాయి. రసీదు ఇచ్చి స్టేషను మాలుఖానాలో పెడతారు. ఫలితాలు వచ్చాక గాని తిరిగి ఇవ్వరు. మన పల్లెల్లో గొడవలు ముదిరేది ఎప్పుడు? సరిగ్గా ఆ నెలల్లోనే. అంటే లక్షలు పోసి కొన్న పిస్టలు భయమున్న రోజుల్లో స్టేషనులోనూ, భయం లేని రోజుల్లో ఇంట్లోనూ ఉంటుంది. ఆ నోటీసు తప్పని నేననను. శాంతిభద్రతలకు అది అవసరమే. డబ్బు పెట్టేవాడు మాత్రం ఈ లెక్క వేసుకోవాలి.

పెన్షనరు కుటుంబాలకు

చివరగా మనకు నేరుగా తగిలే సంగతులు. ఇంట్లో లైసెన్సుదారు కాలం చేస్తే ఆ ఆయుధం ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండరాదు. జాప్యం లేకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని జమచేసి రసీదు తీసుకోవాలి. ఈ విషయం తెలియక ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచుకున్న వితంతువులు ఎంతో ఇబ్బంది పడ్డారు. నగల మాదిరి అది వారసత్వంగా దానంతట అది సంక్రమించదు. 

2016 ఆయుధాల నిబంధనల్లో మనలాంటివారికి ఒక సౌకర్యం ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళుగా తన దగ్గర ఉన్నా, బతికి ఉండగానే వారసులలో ఒకరి పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టించవచ్చు. చేతులు వణికే వయసులో ఆయుధం కాపాడడం కన్న ఇది మేలు. ఇంట్లో ఎవరికీ అక్కరలేకపోతే, అనుమతి తీసుకుని లైసెన్సున్న వారికి అమ్మవచ్చు. 2019 సవరణ తరువాత ఒకరి పేరున రెండుకు మించి ఉండరాదు. అంతకు ముందు మూడు దాకా ఉండేవి.

ఖరీదైన పిస్టలు ఆస్తి అనుకునేవారు ఇది గమనించాలి. దాని ధర దిగుమతి ఉత్తర్వు మీద నిలబడి ఉంది. ఒక ఉత్తర్వు పెంచిన ధరను ఇంకో ఉత్తర్వు దించగలదు. రేపు ఎవరైనా పేరున్న విదేశీ కంపెనీ .32 పిస్టలును మన దేశంలోనే తయారుచేస్తే పాత సీమ పిస్టలు విలువ ఏమవుతుందో ఊహించుకోండి. భూమికీ బంగారానికీ లేని ప్రమాదం ఇది.

కాబట్టి నా మిత్రుడికి నేను చెప్పిన జవాబు ఇది. మీ వాడికి నిజంగా ప్రాణభయం ఉంటే మన దేశపు కొత్త .32 చాలు. కొనే ముందు తెలిసినవారి చేత విప్పించి, ట్రిగ్గరూ మేగజైనూ చూపించి, బిల్లుతో తీసుకోమనండి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి అనుమతి ఉన్న రేంజిలో గట్టిగా నేర్చుకోమనండి. ఇంకొంత పెట్టి పిల్లలకు అందకుండా ఇనుప పెట్టె, దానికి మంచి తాళం కొనమనండి. పోటీల్లో కాల్చేవాడైతే మాట వేరు, అప్పుడు మంచి పిస్టలుకు ఎంత పెట్టినా దండుగ కాదు. ప్రాణభయమూ లేక, పోటీలూ లేక, పదిమందిలో కనపడడానికైతే, ఆ ధర పిస్టలుకు కాదు, 1878 నుంచి వస్తున్న ఆ రెండో విలువకు చెల్లిస్తున్నాడని చెప్పండి.

ఆ కుర్రవాడు ఏం కొన్నాడో ఇంకా తెలియలేదు. వాళ్ళ నాన్నగారు మాత్రం తన గ్రాట్యుటీ డిపాజిట్టు కాగితం తిరిగి బ్యాంకు లాకరులో పెట్టేశానని ఫోను చేశారు.